పిందెలు గిల్లిన మనిషి

పెద్ద వరద వచ్చి ఏటి ఒడ్డు తోటలన్నీ ఊడ్చుకుపోయిన మూడో ఏడు అది.

ఆ ఎండాకాలం పొద్దెక్కక ముందే కాకులు కూడా నీడ వెతుక్కునేవి.

ఆసామికి ముదురు నిమ్మతోట ఉండేది. వరద దాన్ని వేళ్ళతో సహా పట్టుకుపోయింది. మేట వేసిన ఇసుక ఎత్తిపోసుకుని, మళ్ళీ లేత మొక్కలు నాటుకున్నాడు. అవి ఇప్పటికి నడుమెత్తు వచ్చాయి.

ఇల్లాలు ముందే చెప్పేసింది. ఈ ఎండలకి ఇవి గట్టెక్కితే సరి, లేదంటే ఇంటికి తాళం పెట్టి తన తమ్ముడి దగ్గరికి పోదామని. ఆ తమ్ముడు గోదాములో కాపలా పని కూడా చూసి ఉంచాడు. ఆమె ట్రంకుపెట్టె అటక మీద నుంచి దించి గోడ వారగా పెట్టింది.

ఆసామి ఆ పెట్టె వైపు చూడకుండా అన్నం తినడం అలవాటు చేసుకున్నాడు.

ఆయనకి ఒకటే ధైర్యం. మొక్కలు తొలిసారి పూసి పిందె కట్టాయి. బఠాణీ గింజంత పిందెలు. కాయ పట్టిందంటే చెట్టు నిలిచినట్టేనని రోజూ చూసుకుని మురిసిపోయేవాడు.

ఒకనాడు పొద్దున తోటకి వెళ్ళేసరికి గట్టు వైపు వరసలో ఎవరో వంగి ఉన్నాడు. తలకి తడిగుడ్డ చుట్టుకుని, పిందెలు గిల్లి కండువాలో వేసుకుంటున్నాడు. తొందర లేదు, బెరుకు లేదు. సొంత తోటలో ఉన్నట్టే ఉన్నాడు.

వరస అప్పటికే అయిపోవచ్చింది.

ఆసామి ఒక్క పరుగున మీదికి వెళ్ళాడు. ఎవడు పంపాడని, నా నాలుగు మొక్కల మీద కళ్ళలో నిప్పులు పోసుకున్నది ఎవరని నానా మాటలూ అన్నాడు.

అన్నీ విని ఆ మనిషి ఇంకో పిందె గిల్లాడు.

"మొక్కకే ఇంకా నడక రాలేదు తమ్ముడూ. దాని చంకకి పిల్లల్ని ఎత్తించావు. ఈ ఎండకి అది తను తాగుతుందా, వాళ్ళకి తాపుతుందా?"

"నా మొక్క, నా పిందె. మధ్యలో నువ్వెవరయ్యా?"

ఆ మనిషి పక్క మొక్కకి జరిగాడు. మిగతా వరసలు కూడా ఇవాళే గిల్లెయ్యమని, వడగాలి మొదలైతే మన చేతిలో ఉండదని మాత్రం అన్నాడు.

వరదనాడు ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తేశారన్న కసి ఆ చుట్టుపక్కల తోటలవాళ్ళందరికీ ఉంది. ఆసామికి ఒక పిసరు ఎక్కువే ఉంది. అదంతా ఈ మనిషి మీదికి మళ్ళింది.

"ఆ గేటు ఎత్తినవాడు ఒకసారి ముంచాడు నన్ను, వాడి చేతులు పడిపోను. మిగిలింది తుంచిపోదామని నువ్వొచ్చావా?"

ఆ మనిషి చెయ్యి కొమ్మ మీద ఆగిపోయింది. కాసేపటికి కండువాలోని పిందెలు గట్టు మీద పోసి, దులుపుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళు తాగి పొమ్మని ఆసామి అనలేదు.

వడగాలి వచ్చింది. రోజుల తరబడి కొట్టింది. ఆసామి తెల్లవారకముందే నీళ్ళు పెట్టాడు. పాదుల్లో గడ్డి పరిచాడు. పడమటి ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టాడు. అయినా ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. పిందెలు నల్లబడ్డాయి. కొమ్మలు కొసల నుంచి ఎండుకొచ్చాయి.

ఇల్లాలు నెత్తిన కొంగు కప్పుకుని తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"మీ దొంగ చెయ్యి పడిన వరస చూశారా?"

"ఏమైంది?"

"అదొక్కటే పచ్చగా ఉంది. దొంగని ఇంకాస్త ఆలస్యంగా పట్టుకోవాల్సింది మీరు."

ఇద్దరూ చెరో వరస పట్టుకుని ఉన్న పిందెలన్నీ గిల్లేశారు. ఒక్కొక్కటి గిల్లుతుంటే ఆయనకి ప్రాణం ఉసూరుమంది. కొన్ని మొక్కలు అప్పటికే చేయి దాటిపోయాయి. చాలావరకు నిలిచాయి. తొలకరి పడగానే లేత చిగుళ్ళు వేశాయి.

ట్రంకుపెట్టె ఎప్పుడు అటకెక్కిందో ఆసామి చూడలేదు. గోడ వార ఖాళీగా కనిపించింది, అంతే.

ఇక అప్పటి నుంచి ఆ మనిషి కోసం వెతుకులాట. ఒక్కసారి పిలిచి తోట చూపించకపోతే మనసు నిలిచేలా లేదు. మోటారు బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్‌ని అడిగాడు, తలకి తడిగుడ్డ చుట్టుకుని తిరిగే పెద్దమనిషి ఎవరైనా తెలుసా అని.

"ఆయనా బాబాయ్? ఆనకట్ట మీద గేట్లు చూసేవాడు. మొన్న ఎండాకాలంలోనే రిటైరయ్యాడు. మునిగిన తోటలన్నీ తిరిగి లేత మొక్కలు చూసుకునేవాడు. ఒకళ్ళు తరిమితే పక్క తోటలో తేలేవాడు."

"అయితే వరదనాడు గేటు ఎత్తింది..."

"ఆయనే. ఎత్తకపోతే కట్ట తెగేది. తెగితే తోటల సంగతి దేవుడెరుగు, నువ్వూ నేనూ ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అయినా తిట్టనివాడు లేడు. నేనూ తిట్టాను."

ఇల్లాలు గుమ్మంలో నిలబడి వింటోంది. రేపే వెళ్ళి ఆయన్ని తోటకి పిలుచుకురండి అంది.

మర్నాడు పొద్దున్నే ఆసామి ఆనకట్ట దాకా నడిచి వెళ్ళాడు. ఆయన చేతులు పట్టుకుని ఏమనాలో దారి పొడుగునా కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

ఆయన ఉండే క్వార్టర్ తలుపుకి తాళం వేసి ఉంది. గేట్ల దగ్గర కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయిని అడిగితే, ఆయన గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడని, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదని అంది.

ఆసామి ఆనకట్ట మీది ఇనుప కమ్మీలు పట్టుకుని కిందికి చూశాడు. గేట్లకి దిగువనే, ఒడ్డు మీద ఇసుక మేటలోంచి ఎండు మొద్దులు తలలు పైకెత్తి ఉన్నాయి. వరసకీ వరసకీ మధ్య ఎడం చూస్తే చాలు, నిమ్మతోటేనని ఆయనకి తెలుస్తుంది.

ఎవరిదమ్మా అది అని అడిగాడు.

"ఆయనదేనండి. గేటు ఎత్తితే మొట్టమొదట పోయేది ఇదేనని తెలిసే ఎత్తారట."