లోతు పద్దెనిమిది

"రెండు ఇంజిన్లు రెండు మాటలు చెప్తున్నయి," అన్నాడు బాలకృష్ణ.

"చెప్పనీ. తీర్పు నాది," అన్నాడు ప్రభాకర్.

ప్రభాకర్ ఆ పోటీకి చీఫ్ ఆర్బిటర్. బాలకృష్ణ అతని సహాయకుడు. 2006లో, కొత్తగూడెంలో ఒక స్కూలు హాలు. పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల చదరంగం. ఆఖరి ఆట గెలిచిన పిల్ల జిల్లా తరఫున హైదరాబాద్ వెళుతుంది.

పినపాక వైపు చివరి బస్సు ఐదింటికి. అడవి ఊళ్ల పిల్లలు దాన్ని అందుకోవాలి. అందుకే నాలుగున్నరకు గడియారాలు ఆపేస్తారు. తేలని ఆటను కంప్యూటర్‌లో పెట్టి, చదరంగం ఇంజిన్ అనే ప్రోగ్రామ్ ఎవరిది పైచేయి అంటే వాళ్లను గెలిపిస్తారు. అక్కడి పద్ధతి అది.

ఆ రోజు తేలనిది ఆఖరి ఆటే.

తెల్ల పావులు లాలివి. హాస్టల్ పిల్ల. ఏనుగును కావాలనే బలిచ్చి నల్లరాజు మీద పడింది. నల్ల పావులు శ్రావణివి. టౌన్ స్కూలు, టై, పాలిష్ చేసిన బూట్లు.

మొదటి ఇంజిన్ నల్లకు నాలుగు బంట్ల ఆధిక్యం అంది. రెండోది సమానం అంది. కాసేపాగి, తెల్లకు కొంచెం మొగ్గు అంది.

"ఏది ఎంత లోతు చూసింది?" అడిగాడు ప్రభాకర్.

"మొదటిది ఇద్దరి ఎత్తులూ కలిపి పద్దెనిమిది. రెండోది పదకొండే."

"ఇంకేంది మరి? ఎక్కువ లోతు చూసిందే రైటు."

లాలి కుర్చీ వెనక ఒక మనిషి మొదటి నుంచీ నిలబడే ఉన్నాడు. మడిచిన చొక్కా చేతులు, కాళ్లకు ఎర్రమట్టి.

"సార్, ఆ మొదటిది జల్దీ పోతున్నది. దారిల కొన్ని వదిలేసి పోతున్నది," అన్నాడు కంప్యూటర్ తెర చూస్తూ.

ప్రభాకర్ తల తిప్పాడు. "నీకెట్ల తెల్సు?"

"చెక్ చెప్పుడు, పావు కొట్టుడు, గవే చూస్తున్నది. ఆ పిల్ల ఇప్పుడు చెక్ చెప్పొద్దు. రాజును ఒక గడి పక్కకు జరపాలె. గంతే. ఇగ నల్లమంత్రికి చెక్ దొరకదు. తర్వాత ఆటకట్టే."

"ఏనుగును పోగొట్టుకుని ఊకెనే రాజును జరుపుతరా?" బాలకృష్ణ నవ్వాడు. "యాడ నేర్చినవయ్యా ఆట?"

"బీడీల తునికాకు ఆరబెట్టే కళ్లం కాడ. ఫారెస్టు గార్డు సారు నేర్పిండు."

"కళ్లంల బంటు ఎన్ని గడులు పోతది?" అన్నాడు ప్రభాకర్.

"మొదటికి రెండు సార్. మీ కాడ పోయినట్టే."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రభాకర్ చెవులు ఎర్రబడ్డాయి.

"చూడు పెద్దమనిషీ. ఎవరికైనా తన బిడ్డే గెలవాలని ఉంటది. ఇది సైన్సు."

"బిడ్డ సంగతి కాదు సార్. ఆట సంగతి. రెండో దాన్ని ఇంకో అర్ధగంట నడవనీయండి."

"బస్సు ఆగుతదా నీ కోసం?"

"పిల్లను పోనీయండి. తీర్పు ఫోన్ల చెప్పొచ్చు."

"నాకు పని నేర్పుతున్నవా?"

శ్రావణి బోర్డు మీది నుంచి తల ఎత్తలేదు.

నల్ల గెలిచిందని ప్రభాకర్ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఖమ్మంలోని జిల్లా చదరంగం సంఘానికి ఫోన్ చేసి శ్రావణి పేరు చెప్పాడు.

లాలి ఏడవలేదు. పావులు డబ్బాలో సర్ది, హాస్టల్ ఆయా వెంట బస్సుకు నడిచింది.

ఐదూ ఇరవైకి బాలకృష్ణ కంప్యూటర్లు ఆపబోయాడు. రెండో ఇంజిన్ ఇంకా నడుస్తూనే ఉంది.

"అన్నా, గిటు రా."

తెల్లకు తొమ్మిది ఎత్తుల్లో ఆటకట్టు. మొదటి ఎత్తు రాజుది. ఒక గడి పక్కకు.

ప్రభాకర్ మొదటి ఇంజిన్‌లో ఆ ఎత్తును తన చేత్తో వేశాడు. రెండు నిమిషాల తర్వాత అదీ ఆటకట్టే అంది.

"పద్దెనిమిది దాక పోయింది గని ఈ ఎత్తునే చూడలే," అన్నాడు బాలకృష్ణ. "పనికిరాదని మొదట్లనే పక్కన పడేసింది."

ప్రభాకర్ సంతకం పెట్టిన కాగితాన్ని మడిచాడు.

"ఖమ్మానికి మళ్ల ఫోన్ చెయ్యి అన్నా."

"చేస్తే నా పేరేమైతది?"

ఫోన్ అతని ముందే ఉంది. అతని చెయ్యి దాని మీదికి పోలేదు.

"లాలి తండ్రికన్నా చెప్పొస్త. ఆయన మాటే రైటని."

"ఆయన బస్సుల పోయుంటడు."

పోలేదు. బాలకృష్ణ బయటికి వచ్చేసరికి ఆ మనిషి మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

గెలిచిన శ్రావణి పక్కనే కూర్చుని, "నన్నెందుకు ఓడగొట్టాలని చూసినవ్ నాయినా?" అని ఏడుస్తూ అడుగుతోంది.