అరచేతిలో టెంకాయ

ఇంగ్లీషు టీచరు కావాలని ఇథియోపియా నుంచి వచ్చి అనంతపురంలో బీఈడీ చదువుతున్న అబెబా, గార్లదిన్నె పక్క ఊరి బడిలో ప్రాక్టీసుకు చేరి మూడు వారాలైంది. "నేను టీచర్ను" అని వచ్చిన తెలుగులోనే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఆ తట్టుకు పరాయి దేశం మనిషి వచ్చిందంటే నీళ్ల పనిమీదే. క్లాసుకు నలుగురు పిల్లలు వస్తే గొప్ప.

శనివారం ఆ ఊరి రైతు మారెక్క ఆమెను బోర్డు ముందునుంచి చెయ్యి పట్టుకొని చేనికి తీసుకుపోయి, అరచేతిలో టెంకాయ పెట్టింది.

"నడువు తల్లీ. నీళ్లుండే కాడ అదే లేచి నిలబడతాది."

"నాకు ఇంగ్లీషు ఒక్కటే వచ్చక్కా."

"మొదట అందరూ అట్లే అంటారు. నడువు."

చేను నడిమధ్యలో చెయ్యి వణికి టెంకాయ లేచింది. మారెక్క ఆడ సున్నంతో గుర్తేసి, అబెబా కాళ్లకు దండం పెట్టింది.

సోమవారం, మారెక్క తన గొర్రెలను అమ్మి పిలిపించిన బోరుబండి ఆరునూర్ల అడుగులు దిగింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

మంగళవారం పొద్దున మారెక్క బడి వాకిట్లో నిలబడింది. ఆమె తలనిండా ఇంకా ఆ దుమ్మే. అబెబా చేతిలో సుద్దముక్క విరిగింది.

"నీకు నీళ్ల సంగతి బొత్తిగా తెలీదు," అనింది మారెక్క.

"ముందే చెప్పినాను కదక్కా."

"చెప్తే ఎట్ల నమ్మేది?"

మారెక్క పక్కకు జరిగింది. వెనకాల ఊర్లో పిల్లలంతా పుస్తకాల సంచులతో ఉన్నారు.

"పోయి కూర్చోండి," అనిందామె వాళ్లతో. "బోరేసి చూసినాం. టీచరమ్మే."