చీలమండలో ముక్క

"మత్తు మాత్రం ఇవ్వద్దండీ! చచ్చినా ఒప్పుకోను!" స్ట్రెచర్ మీంచి లేవబోయాడు అంకమ్మరావు.

అక్క కోటిరత్నం భుజాలు పట్టుకుని వెనక్కి నెట్టింది. "ఏందిరా నీ గోల? మత్తివ్వకుండా కాలెట్టా కోస్తారు?"

"కోసేదేమీ లేదమ్మా" అన్నాడు డాక్టర్ శరత్‌చంద్ర. "ఇది కీహోల్ ఆపరేషన్. చీలమండకి రెండు చిన్న రంధ్రాలు పెడతాం. ఒకదాంట్లోంచి కెమెరా, రెండోదాంట్లోంచి పనిముట్టు. నడుముకి ఇంజెక్షన్ ఇస్తే కాళ్లు మొద్దుబారతాయి. మెలకువగా ఉంటే కంగారు పడతారని కాస్త మత్తు ఇద్దామనుకున్నాను."

"నాకేం కంగారు లేదు. మత్తొద్దు."

అతని భయమల్లా మత్తు మీదే. మత్తులో నోరు అదుపులో ఉండదు. లోపల ఒక్క మాట జారిందంటే బతుకు తెల్లారిపోతుంది.

"మీరేం చేస్తారో ఏమో, సోమవారానికి వీడు లేచి నిలబడాల డాక్టరుగారూ" అంది కోటిరత్నం. "చీమకుర్తి నుంచి బ్రాడీపేటలో మీ ఆస్పత్రి దాకా మోసుకొచ్చింది అందుకే. మా ఆయన్ని లారీతో గుద్ది చంపిన ఎలీషాగాడి కేసు వాయిదా ఆరోజే. బండి మీద మా ఆయన వెనక కూర్చుంది వీడు. సాక్షి వీడొక్కడే."

"చంకలో కర్రతో నిలబడతారు లెండి."

"గుద్దినోడే ఆస్పత్రికి తెచ్చి పడేసి ధర్మాత్ముడి మాదిరి నిలబడ్డాడండీ! ఇప్పుడేమో వాడు జైల్లో పడ్డాక వాడి పెళ్లాం పిల్లల్నేసుకొచ్చి నా కాళ్ల మీద పడతంది. కరుగుతానా? నా తమ్ముడు కళ్లారా చూసి చెప్పాడు. నా దగ్గర అబద్ధమాడతాడా?"

అంకమ్మరావు కళ్లు మూసుకున్నాడు. స్ట్రెచర్ కదిలింది.

లోపల చలిగా ఉంది. కాసేపటికి నడుము కింద తన ఒళ్లే తనది కాకుండా పోయింది. తల పక్కనున్న తెర మీద తెల్లటి గుహలాంటిదేదో కనిపించింది.

"ఇదిగో చూడండి, ఇదే చీలమండ లోపలి భాగం" డాక్టరు ఒక్కొక్కటీ వివరంగా చెబుతున్నాడు. "ఇలా నున్నగా ఉండాలి. ఇక్కడ చూశారా, చితికింది. అదిగో, దొంగ దొరికాడు! ఆ ఎముక ముక్కే అడ్డంపడి కాలు వంగనివ్వడం లేదు."

సన్నటి పట్టకారు వచ్చి ముక్కను కరుచుకుపోయింది. అంకమ్మరావు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతేనా!

"చిత్రంగా ఉందే" అన్నాడు డాక్టరు.

"ఏందండీ?"

"దెబ్బ తగిలిన తీరు. పాదం కింద గట్టిగా ఏదో ఉండి బలమంతా పైకి తన్నింది. బ్రేకు మీద నిలబడి తొక్కిన వాళ్లలో చూశాను ఇలాంటివి. మీరు వెనక కదూ కూర్చుంది?"

"వెనకేనండి."

"మరి కుడికాలు ఎక్కడ పెట్టారు?"

అంకమ్మరావు గుండె వేగం చూపే మెషీన్ పక్కన గబగబా కూయసాగింది.

"పోలీసులాగా అడగడం లేదయ్యా. ఇంకో ముక్క కనబడటం లేదు. దెబ్బ ఎటు నుంచి తగిలిందో తెలిస్తే అటు వెతుకుతాను. దాన్ని లోపలే వదిలేస్తే ఈ కాలు జన్మలో సరిగా నేల మీద ఆనదు."

అంకమ్మరావు తెర వంక చూశాడు. చితికిన తన ఎముక వెలుగులో బట్టబయలుగా ఉంది. ఏ మత్తూ లేకుండానే నోరు తెరుచుకుంది.

"బండి నేనే తోలానండీ."

డాక్టరు చెయ్యి ఆగింది.

"తాగున్నా. బావ వద్దంటానే ఉన్నాడు. మలుపులో కంకర మీద జారింది. బ్రేకు మీద నిలబడ్డా. బావ ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. ఏ లారీ గుద్దలేదండీ."

"మరి ఎలీషా?"

"తర్వాతొచ్చాడు. మా ఇద్దర్నీ చూసి ఆగి, ఎత్తి లారీలో వేసుకున్నాడు. అక్క ఆస్పత్రికొచ్చి ఎట్టా జరిగిందిరా అని చొక్కా పట్టుకుంది. ఏం చెప్పను? గేటు దగ్గర వాడి లారీ కనపడింది."

డాక్టరు పనిముట్టును ముందు వైపుకి తిప్పాడు. రెండో ముక్క ఎముక ముందు సందులో దొరికింది. రంధ్రానికో కుట్టు వేసి కట్టు కట్టారు.

డాక్టరు దగ్గరగా వంగాడు. "సోమవారం లోపల మీ అక్కకి మీరే చెప్పండి. ఓ అమాయకుడు జైల్లో ఉన్నాడు. నా అంతట నేను ఆమెకి చెప్పను."

"చెబుతానండీ" అన్నాడు అంకమ్మరావు. సాక్ష్యం అయిపోనీ, ఆ తర్వాత చూద్దాం అనుకున్నాడు.

స్ట్రెచర్ హాల్లోకి వచ్చింది. ఇందాకటి దాకా సంతలా ఉన్న హాలు గప్‌చుప్‌గా ఉంది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా తననే చూస్తున్నారు. కోటిరత్నం మాత్రం అటు తిరిగి నిలబడి ఉంది.

"అక్కా, కాలు బాగయిందంట. సోమవారం నిలబడతా."

ఆమె తిరగలేదు. తలెత్తి గోడ వైపే చూస్తోంది. అంకమ్మరావూ అటు చూశాడు.

లోపల ఆపరేషన్ ఎలా జరుగుతోందో బంధువులకి చూపించడానికి పెట్టిన టీవీలోంచి, తర్వాతి పేషెంటును తీసుకురమ్మని నర్సుకి చెబుతున్న డాక్టరు గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.