మూడు పిడికిళ్ళు

ఆ ఆదివారం కోయిలకుంట్ల పక్కనున్న మా పల్లె చర్చిలో నేను గంటసేపు ఒకే మాట మీద ప్రసంగం చేశాను. ట్రోఫే. బైబిలు గ్రీకులో తిండికి ఉన్న పేరు. "రుచి కోసం తినేది కాదు, ప్రాణం నిలబెట్టేది" అని అర్థం చెప్పాను. ఆ పరాయి మాటను మైకులో పలుకుతుంటే నాకే ముచ్చటేసింది.

తర్వాత కానుకలు. మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ దేవునికని ఒక పిడికెడు తీసి సంచిలో వేస్తారు. ఆదివారం ఆ సంచి తెచ్చి చర్చి డబ్బాలో కుమ్మరిస్తారు. పాస్టరుగా నా ఇంట్లో ఉడికేది ఆ బియ్యమే.

ప్రేమమ్మ సంచి దులిపితే మూడు పిడికిళ్ళకు మించి రాలలేదు.

నేనింకా ప్రసంగం ఊపులోనే ఉన్నాను. "ఏం ప్రేమమ్మా, వారమంతటికీ దేవునికి ఇంతేనా?" అన్నాను మైకులో. జనం నవ్వారు.

ఆమె ఖాళీ సంచిని తిరగేసి నాకు చూపించింది.

"దేవునిది నేనేం దాపెట్టుకోలేదు అయ్యగారూ. పొయ్యి ముట్టించిన ప్రతి తూరీ పిడికెడు తీసినా. కూలి పనుల్లేక ఈ వారం మూడు తూర్లే ముట్టించినా."

నేను మైకు కట్టేశాను.

మధ్యాహ్నం నా కంచంలోకి వేడన్నం వచ్చింది. అది పోయిన ఆదివారం బియ్యం. ఆ వారం ఆమె సంచిలోంచి ఎన్ని పిడికిళ్ళు రాలాయో నేను చూడనే లేదు.