వాయవ్య మూల

"గా మూలకు మాత్రం గుంత వద్దు," అన్నాడు సంగప్ప పటేల్, కాగితం మీద వేలు గుచ్చి. "లెట్రిన్ గుంత ఇంకో దిక్కు జరుపు పిల్లా."

లిదియా పెన్సిలు కింద పెట్టింది. నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ ఇరుకు ఆఫీసు రిటైరైన ఓవర్సీరు మొగులయ్యది. బీదర్‌లో పెరిగి, అక్కడే నక్షాలు గీయడం నేర్చుకున్న లిదియా ఈమధ్యే అతని దగ్గర పనిలో చేరింది. పటేల్ తన పాత ఇల్లు పడగొట్టి ఆ జాగాలోనే డాబా కట్టాలనుకుంటున్నాడు. ఆ నక్షా తానే గీస్తానని లిదియా అడిగి మరీ తీసుకుంది.

"ఏ దిక్కు జరపాలె పటేలా?"

"ఆగ్నేయం."

"ఆడ వంటిల్లు వస్తది. అన్నం వండేకాడ లెట్రిన్ గుంతనా?"

"అయితే ఈశాన్యం."

"ఆడ బావి ఉన్నది. తాగే నీళ్లల్లకు ఊరుతది."

పటేల్ మొహం గంటు పెట్టుకున్నాడు. మొగులయ్య గబగబా కల్పించుకుని, "ఇది కచ్చా నక్షానే పటేలా. మారుద్దాం తియ్యి," అని సాగనంపాడు. తర్వాత లిదియా వైపు తిరిగాడు.

"ఇల్లు ఆయనది. ఆయన ఎట్లంటే అట్ల గియ్యి బిడ్డా. నీకేం పట్టింపు?"

"జాగ కొలిచినప్పుడు చూసిన సార్. గుంతకు ఆ మూలనే సరైంది."

ఆ కొలతల రోజు పటేల్ ఇంటి ముసలి జీతగాడు ఈరయ్య టేపు కొస పట్టుకుని ఆమె వెంట నడిచాడు. వాయవ్య మూల దగ్గరికి వచ్చేసరికి అతని కాళ్లు ఆగిపోయాయి. అక్కడ నేల కాస్త కుంగి ఉంది.

"ఈడ ఏముండె తాతా?"

"జొన్నలు దాసే పాతర. పూడిపిచ్చిండ్రు."

"ఎప్పుడు?"

"కూలి పెంచమని లొల్లైన ఏడు," అని, ఈరయ్య అటూ ఇటూ చూసి, టేపు వదిలేసి వెళ్లిపోయాడు. మిగతా కొలత లిదియా ఒక్కతే తీసుకుంది.

రెండో నక్షాలో పటేల్ అడిగినవన్నీ మార్చింది. హాలు పెద్దదైంది, మెట్లు లోపలికి వచ్చాయి, పూజగదికి తూర్పు కిటికీ పడింది. గుంత మాత్రం కదల్లేదు.

"నీకు చెవులు లేవా?" పటేల్ లేచి నిలబడ్డాడు. "ఆ మూల గొడ్ల కొట్టం ఏద్దాం. కింద బండలు పరుద్దాం."

"పూడ్చిన పాతర పటేలా. మన్ను మెత్తగున్నది. ఆడ ఏం కట్టాలన్నా ముందుగాల అడుగుదాక తవ్వాలె."

పటేల్ నక్షా పక్కకు నెట్టేశాడు. "అయితే ఖాళీగ ఇడువు. ఇల్లే ముందట్కి జరుపు," అని విసవిసా వెళ్లిపోయాడు.

"ఇంకోపారి ఎదురు జెప్తే నిన్ను పనిలకెల్లి తీసెయ్యమంటడు," అన్నాడు మొగులయ్య. "అప్పుడు నేను గూడ ఏం జెయ్యలేను."

ఆదివారం లిదియా బీదర్ వెళ్లింది. చంటిపిల్ల లిదియాతో ఒంటరిగా బీదర్ చేరి, దవాఖానలో ఆయా పనిలో కుదిరిన తల్లి గ్రేసమ్మ గిన్నెలు తోముతూనే సంగతంతా విన్నది. చేతిలోని గిన్నె బోర్లించి తలెత్తింది.

"పని పోతే పోనియ్యి బిడ్డా. నక్షా మాత్రం మార్చకు."

పక్కా నక్షా చూడటానికి పటేల్ వెంట భార్య నీలమ్మ కూడా వచ్చింది. ఇంటి ముందు భాగం చూసి మురిసిపోయింది.

"లెట్రిన్ గుంత ఏ దిక్కున్నది?" అని ఆమే అడిగింది.

"దక్షిణం దిక్కు పెట్టమంటున్న," అన్నాడు పటేల్.

"దక్షిణమా? నీకు మతి ఉన్నదా? గుంత వాయవ్యానికే ఉండాలని అయ్యోరు మొన్ననే చెప్పె గదా. పిల్లలు గల్ల ఇల్లు!"

భార్యకు చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరక్క, చివరికి పటేల్ సంతకం పెట్టాడు. పోతూ పోతూ మొగులయ్యతో మాత్రం గట్టిగా అన్నాడు: "ఆ గుంత ఆఖరుకు తవ్వుర్రి. నేనున్నప్పుడే."

పంచాయతీ మంజూరు వచ్చింది. పునాదులకు ముగ్గు పోశారు. కంట్రోలు సిమెంటు పర్మిట్ కోసం పటేల్ సంగారెడ్డి వెళ్లిన పొద్దున, లిదియా తవ్వేవాళ్లను నేరుగా వాయవ్య మూలకు తీసుకుపోయింది.

మధ్యాహ్నానికి పార దేనికో తగిలింది. తవ్వేవాళ్లు ఒక్క కేక పెట్టి పైకి ఎగబాకారు. మొగులయ్య వంగి చూసి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈరయ్య తలగుడ్డ తీసి చేతుల్లో పట్టుకుని, ఉన్నచోటే కూలబడ్డాడు. లిదియా ఒక కూలీని ఠాణాకు పరుగెత్తించింది.

పోలీసుల కంటే ముందు పటేల్ జీపే వచ్చింది.

"పూడ్చుర్రి!" దిగుతూనే అరిచాడు. "గొడ్డు బొక్కలవి! జల్దీ పూడ్చుర్రి!"

"గొడ్డుకు గిసొంటి పుర్రె ఉంటదా పటేలా?" అన్నాడు మొగులయ్య.

"అయితే ఎవడో దిక్కులేనోడు. నాకేం ఎరుక?"

ఎవరూ పార ముట్టలేదు. లిదియా చెప్పులు విడిచి, నిచ్చెన పట్టుకుని గుంతలోకి దిగింది. తడిమన్నులో మోకాళ్ల మీద కూర్చుని, భుజాన వేలాడుతున్న సంచిలోంచి తెల్లటి కొత్త దుప్పటి తీసింది. ఎముకల మీద దాన్ని నెమ్మదిగా కప్పసాగింది.

"ముట్టకు బిడ్డా, పోలీసోల్లు రానీ!" పైనుంచి మొగులయ్య బతిమాలాడు. "ఎవలో ఏమో, నీకెందుకు? పైకి రా!"

"మా నాయిన," అంది లిదియా.