కళ్లు మూసుకున్న చప్పుడు

రేపల్లె దగ్గరి పల్లెటూరి బడిలో యూనివర్సిటీ న్యూరోసైన్స్ వాళ్ల మెదడు ప్రదర్శన చీకటి పడేసరికి ముగిసింది. తీగల టోపీ పెట్టుకున్నవాళ్లు కళ్లు మూసుకుంటే మిషన్ సన్నగా గుయ్‌మనేది, తెరిస్తే ఆగిపోయేది. పిల్లలు రోజంతా దానితోనే ఆడుకున్నారు.

టోపీ ఆరాక బస్సులో తెనాలి వస్తానని తోటివాళ్లను వ్యాన్‌లో పంపేసింది రీసెర్చ్ విద్యార్థిని సునీల. కడిగిన టోపీని ఎప్పటిలాగే థర్మోకోల్ తలకు తొడిగింది. అంతలో బయట తాళం పడింది. ఆమె కేక వాచ్‌మన్ రామకోటి మోపెడ్ చప్పుడులో కలిసిపోయింది.

సునీల ఫోన్ చేస్తే చాలాసేపటికి ఎత్తాడు.

"అయ్యో, మీరూ వ్యానెక్కేశారనుకున్నానమ్మా! రేపల్లె వచ్చేశా. అరగంటలో వచ్చి తీస్తానండి. భయమేంటి, బళ్లో మీరు తప్ప పురుగు కూడా లేదు."

ఫోన్ పెట్టేశాక వినిపించింది. మిషన్ గుయ్‌మంటోంది.

ఆపడం మర్చిపోయాను, టోపీ తడికి మోగుతోంది, అంతే అనుకుంది సునీల. స్విచ్ ఆ తెల్లటి తల వెనకాల ఉంది. చెయ్యి చాపింది.

వేలు తగలకముందే చప్పుడు ఆగిపోయింది.

తల వైపు చూడకుండా వెనక్కి వెనక్కి నడిచింది. వీపుకు తలుపు తగిలింది. రామకోటి రావడానికి ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలుంది.