కుట్టని గౌను

"అమ్మా, కాసేపు ఆ మిషను ఆపవే! ఇంటర్వ్యూ మొదలైపోతోంది," అని కసిరింది కూతురు, లాప్‌టాప్ సర్దుకుంటూ.

"సాయంత్రానికి నాలుగు యూనిఫారాలు ఇవ్వాలే," అంది తల్లి, పెడల్ మీంచి కాళ్ళు తియ్యకుండానే.

"ఈ జర్మన్ టీచరు ఉద్యోగం వచ్చిందంటే నువ్వింక మిషను తొక్కక్కర్లేదు. వచ్చి తీరుతుంది, చూస్తూ ఉండు."

తల్లి ఆపేసింది. ఉన్నది ఒక్కటే గది మరి.

తెరమీద ఇంటర్వ్యూ చేసే మేడమ్ సూటిగా విషయానికి వచ్చింది. "మా క్లాసులో 'వ్యూర్డె' అనే క్రియ దగ్గరికొచ్చేసరికి సగంమంది పారిపోతున్నారు. దాని అర్థం, వాడకం ఏమీ తెలియనివాళ్ళకి చెప్పినట్టు నాకు చెప్పండి."

కూతురికి నవ్వొచ్చింది. అది ఆమెకు కొట్టిన పిండి. "సంభావనార్థకంలో సహాయక క్రియగా, అవాస్తవమైన షరతును సూచిస్తూ..." అని అందుకుని మూడు నిమిషాలు ఊపిరి తీసుకోలేదు.

"నేనే పారిపోయేలా ఉన్నాను," అంది మేడమ్.

కూతురి ముఖం వాడిపోయింది. వెనక తల్లి ఉండబట్టలేకపోయింది.

"అంత తిప్పుతావెందుకే? నువ్వు గుడ్డ తెస్తే నేను గౌను కుట్టేదాన్ని. నువ్వు తేలేదు, నేను కుట్టలేదు. ఆ కుట్టని గౌనే వ్యూర్డె."

కూతురు గబుక్కున కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టింది. "సారీ మేడమ్, మా అమ్మ..."

"చెయ్యి తియ్యండి. మర్యాదగా అడగడానికీ అదే ఎందుకు వాడతారమ్మా?" అని తల్లినే అడిగింది మేడమ్.

"'తలుపు వెయ్యి' అంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. 'కాస్త తలుపు వేస్తారా' అంటే వెయ్యనివాడు కూడా వేస్తాడు." తల్లి కాలితో దరువు వేస్తూ, "ఇష్ వ్యూర్డె, డు వ్యూర్డెస్ట్, ఎర్ వ్యూర్డె..." అని ఆ క్రియ రూపాలన్నీ చివరిదాకా గడగడా అప్పజెప్పింది.

"మీకెలా వచ్చిందండీ?"

"రెండేళ్ళుగా ఇది నా పక్కనే కూర్చుని వల్లిస్తోంది. మిషనుకి కావలసింది కాళ్ళూ చేతులే కదమ్మా, చెవులు ఖాళీయే."

మేడమ్ పడీ పడీ నవ్వి, ఏదో రాసుకుంది. "ఉద్యోగం ఖాయం. రేపు పదింటికి వచ్చెయ్యండి."

"థాంక్యూ మేడమ్!" కూతురు ఎగిరి గంతేసింది. "చూశావా అమ్మా, చెప్పానా! ఇంక మూసెయ్యి ఆ మిషను."

"మీరు కాదండీ," అంది మేడమ్. "మీ అమ్మగారు."

తల్లి తన మెడలోని కొలతల టేపు తీసి కూతురి మెడలో వేసింది.

"ఆ యూనిఫారాలు సాయంత్రంలోగా కాస్త కుట్టిపెడతారా, తల్లీ?"